పక్క మంచం ఖాళీ

ఇప్పుడు నేను నడుస్తాను. ఎడమ పాదం కాస్త ఈడుస్తుంది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను, అంతకు మించి ఇబ్బంది లేదు. నన్ను చూసినవాళ్లు దేవుని కృప అంటారు. మా చర్చిలో రెండుసార్లు నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. దేవుని వంతు దేవునికి చెప్పాను. డాక్టరు వంతు మాత్రం చెప్పనివ్వలేదు, పాస్టరు గారికి పార్టీ భయం. ఆ మిగిలిపోయిన వంతు కోసం ఇది రాస్తున్నాను. ఇలాంటి జబ్బుతో మంచాన పడినవాళ్లకు ధైర్యంగా ఉంటుందని మొదలుపెట్టాను గాని, చదివాక ధైర్యం వస్తుందని హామీ ఇవ్వలేను.

మా ఊరు జమ్మలమడుగుకు పెన్న అవతల. అప్పుడు నేను అక్కడి హైస్కూల్లో తెలుగు మాస్టరును. ఊళ్లో టీకొట్లు రెండు, మంగలి షాపులు రెండు, పార్టీకి ఒకటి. జెండాలు ఎన్నికకొక రంగు మారేవి. ఊళ్లో పార్టీ అంటే జెండా కాదు, నువ్వు ఎవరి మనిషివి అన్నదే. మేము మా వైపు నాయకుడు పెద్దాయన మనుషులం. నేను కత్తి పట్టలేదు, బాంబు చుట్టలేదు. మా తాత పెద్దాయన తండ్రి చేలో పని చేశాడు గనుక నాకు బాప్తిస్మం కంటే ముందు పార్టీ వచ్చింది.

మా వైపు ఒక పద్ధతి ఉండేది, అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఎవరినైనా కొట్టబోతున్నారంటే, కేసులో పేరు రాగలవాడు రెండు రోజులు ముందుగానే ప్రొద్దుటూరు పోయి ఏదో ఒక నర్సింగ్ హోంలో మంచం ఎక్కేవాడు. కడుపునొప్పి అనో గుండెదడ అనో చెప్పి సెలైన్ పెట్టించుకునేవాడు. పని జరిగిన పూట తాను ఆసుపత్రిలో ఉన్నట్టు డాక్టరు కాగితం ఇస్తాడు, కోర్టుకొచ్చి చెబుతాడు. ఈ విద్య రెండు పార్టీలకూ వచ్చు. అందుకే చచ్చినవాడి తరఫువాళ్లు ఫిర్యాదు రాయించే ముందు, అవతలి పార్టీలో ఎవరెవరు ఆసుపత్రిలో ఉన్నారో కనుక్కునేవాళ్లు. మంచం మీద ఉన్నవాడి పేరు తప్పకుండా రాయించేవాళ్లు. నిజంగా జబ్బు చేసినవాడు ఉంటాడేమో అన్న ఆలోచన మా వాళ్లెవరికీ వచ్చేది కాదు.

జూన్

బడి తెరిచిన కొత్తలో ఒక పెళ్లి భోజనం పడక విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గాయి. తగ్గిన కొన్నాళ్లకు అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. నా భార్య సుగుణ ఆముదం కాచి రుద్దింది. నేను చెప్పులు మార్చాను. తర్వాత ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తుండగా చాక్‌పీసు చేతిలోంచి జారింది. తీసుకుందామని వంగాను, మళ్లీ లేవలేకపోయాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నొప్పి లేదు, కాళ్లు మాట వినడం మానేశాయి అంతే.

సుగుణ పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి నన్ను బస్సులో ప్రొద్దుటూరు తీసుకుపోయింది. డాక్టరు బాషా గారిది ఆ ఊరే. తండ్రి దర్జీ పని చేసి చదివించాడు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. చేతివాసి మంచిది, నోరు మంచిది కాదు. పేషెంటును తిట్టేవాడు, తోడొచ్చినవాళ్లను ఇంకా ఎక్కువ తిట్టేవాడు. అయినా రెండు పార్టీలవాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు, ఎందుకంటే ఆయన ఎవరి మనిషీ కాదు. ఆయన దగ్గర దొంగ మంచం దొరకదని పేరు.

ఆయన చిన్న సుత్తితో నా మోకాలి కింద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. ఇంకో కాలు చూశాడు. తిట్టడం ఆపేశాడు. అప్పుడే నాకు భయం పట్టుకుంది. ఆయన చెప్పిన జబ్బు పేరు ఎవరో విదేశీయులది, ఇద్దరి పేర్లు కలిపి పెట్టారట. ఒళ్లే తన నరాల మీద తాను తిరగబడుతుందని, కాళ్ల నుంచి పైకి ఎక్కుతుందని, ఎక్కడ ఆగుతుందో తెలియదని చెప్పాడు. ఆగాక దిగుతుందన్నాడు. ఆగేలోపల గొంతు దాకా వస్తే ఏమిటని సుగుణ అడిగింది. ఆయన రెండు మంచాల గది ఒకటి ఇప్పించాడు.

రెండో రోజు ఎర్రగుంట్ల రోడ్డులో, బస్సు దిగి టీ తాగుతున్న అవతలి పార్టీ మనిషిని నరికేశారు. నరికింది పెద్దాయన అల్లుడు, వాడి వెంట ఇంకొందరు. ఈ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు, చెప్పేవాళ్లు లేరు.

మా పార్టీవాళ్లు నన్ను చూడడానికి గుంపుగా వచ్చారు. కొబ్బరిబోండాలు తెచ్చారు, కన్నుకొట్టారు. మా వీధిలోని సుబ్బరాయుడు మంచం అంచున కూర్చుని, "ముందే ఒక మాట చెప్పింటే నేనూ వస్తాంటి గదప్పా పక్క మంచానికి," అని నిష్ఠూరం ఆడాడు. బాషా దగ్గర మంచం సంపాదించడం మాటలు కాదని, నేను గట్టివాడినని మెచ్చుకున్నారు. ఫిర్యాదులో నాది నాలుగో పేరు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదేనని ఆ రోజు తెలిసింది.

మరుసటి ఉదయం డాక్టరు పేపరు పట్టుకొచ్చి జిల్లా పేజీ చదివాడు. నాలుగో ముద్దాయి అయిన ఉపాధ్యాయుడు పరారీలో ఉన్నాడని, అతని కోసం గాలిస్తున్నారని ఉంది. అప్పటికి నేను నడుము కింద ఏదీ కదిలించలేను. డాక్టరు పేపరు మడిచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏం పరారీ మాస్టరూ, యాడికి పోతాండావు, మాకూ చెప్పు," అన్నాడు. ఆ తర్వాత ఆయన నన్ను వేరే పేరుతో పిలవలేదు.

జూలై

చేతులు పోయాయి. మొదట గ్లాసు జారింది, తర్వాత దోమ వాలితే కొట్టలేకపోయాను. కదలిక పోయింది గాని స్పర్శ పోలేదు. ఇది బయటివాళ్లకు అర్థం కాదు. దుప్పటి అంచు తగిలితే మంట, పక్క మీద ముడత ఉంటే వీపు కోసినట్టు ఉండేది. సుగుణ గంటకోసారి నన్ను పక్కకు తిప్పేది. అలా తిప్పినప్పుడల్లా నేను అరిచేవాడిని. ఆమె ఏడ్చుకుంటూ తిప్పేది, తర్వాత ఏడవకుండా తిప్పేది. ఒకరోజు నేను అరుస్తుంటే, అరిస్తే అరువు, నాకూ చేతులు పీకుతాండాయి అంది. పెళ్లయ్యాక ఆమె నన్ను అలా అనడం అదే మొదలు.

కేసు చూస్తున్న పోలీసాయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. డాక్టరు కింద ఓపీలో ఉన్నాడు. ఇతను నా మంచం చుట్టూ తిరిగాడు, నవ్వాడు. సుగుణ కొంగుకు పెట్టుకున్న పిన్నీసు ఇమ్మన్నాడు. ఎందుకో తెలియక ఆమె తీసి ఇచ్చింది. దాన్ని నా అరికాలులో గుచ్చాడు. కాలు వెనక్కి లాక్కుంటానేమోనని చూశాడు. మళ్లీ గుచ్చాడు, రెండో కాలులోనూ గుచ్చాడు. ప్రతి పోటూ నాకు తెలిసింది. కాలు మాత్రం కదలదు. నా కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

"చూడమ్మా, నొప్పి తెలుస్తాంది, కండ్లనీల్లొస్తాండాయి. ఇంగ పక్షవాతం ఏంది?" అని సుగుణను అడిగాడు. చాలా తెలివైనవాణ్నని అతని నమ్మకం.

డాక్టరు వచ్చి, ఆ పిన్నీసు తీసుకుని, ముందు నా పాదాలు తుడిచాడు. తర్వాత అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ పోలీసాయన ఊరికే పోలేదు. నన్ను మంచం మీదే అరెస్టు చేసి, కుడిచేతికి బేడీ వేసి మంచం కోడుకు తగిలించి, ఒక కానిస్టేబులును కాపలా పెట్టాడు. డాక్టరు ఆ కానిస్టేబులును దగ్గరికి పిలిచి చెప్పాడు: "ఈయప్ప లేచి పరిగెత్తితే ముందు నాకు చెప్పప్పా. నాకు పద్మశ్రీ వస్తాది." కానిస్టేబులు పాపం మంచివాడు. ఈగలు వాలితే తన టోపీతో విసిరేవాడు.

ఆ రోజుల్లోనే మా స్నేహం కుదిరింది. భోజనం చేసి పైకి వచ్చి పక్క మంచం మీద పడుకునేవాడు డాక్టరు. అదొక్కటే ఆసుపత్రిలో ఆయనకు గాలి తగిలే చోటట. సుగుణకు కాసేపు కిందికి పోయి టీ తాగి రమ్మని చెప్పేవాడు. పైకప్పు చూస్తూ మాట్లాడేవాడు. చదువుకునేటప్పుడు ప్రేమించిన అమ్మాయి గురించి, దర్జీ కొడుకని వాళ్లింట్లో వద్దనడం గురించి, రోగులంటే తనకు పడనే పడదని, వాళ్ల కంపు, వాళ్ల అబద్ధాలు భరించలేనని చెప్పేవాడు. నేను పాఠాల సంగతులు, పార్టీ సంగతులు చెప్పేవాడిని. చచ్చిపోతానా అని రోజూ అడిగేవాడిని. "నువ్వు సస్తే నాకేమీ నష్టం లేదు, పండుకునే చోటు మిగుల్తాది," అనేవాడు. ఆయన అలా అంటేనే నాకు నిమ్మళంగా ఉండేది. బంధువులు ఏం కాదులే, ఏం కాదులే అన్నప్పుడల్లా చావు కనిపించేది.

పెద్దాయన వచ్చాడు. వెంట ఇద్దరు ముగ్గురు, ఒక బుట్టెడు యాపిల్ పండ్లు. కానిస్టేబులు లేచి బయటికి పోయాడు. పెద్దాయన నా చేతిని ఎత్తి వదిలాడు, అది పడిపోయింది. మళ్లీ ఎత్తి వదిలాడు. మురిసిపోయాడు. "శానా బాగా చేస్తాండావు ప్రకాశం. ఇంత ఓర్పు నీకుంటాదనుకోలేదు," అన్నాడు. నిజంగానే ఒంట్లో బాగలేదని సుగుణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, నాకు తెలుసులే అమ్మా అన్నాడు. ఆ బాషాను ఎట్లా వంచానని గుసగుసగా అడిగాడు.

బాషా వంగే మనిషేననుకుని నేరుగా డాక్టరునే అడిగాడు. నరికిన రోజు అల్లుడు పక్క మంచం మీద కడుపునొప్పితో ఉన్నట్టు రాయమన్నాడు. మాస్టరుకు రాసినవాడు అల్లుడికి రాయలేడా అన్నది ఆయన వాదం. డాక్టరు చాలా మర్యాదగా, ఆ మంచం మీద పగలంతా నేనే పండుకుంటాండా సామీ, ఇద్దరం పట్టం అన్నాడు. పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వితే మా ఊళ్లో పిల్లలు ఇళ్లలోకి పోతారు.

నెల చివర

మింగడం పోయింది, మాట పోయింది, తర్వాత ఊపిరి సగమై సగంలో సగమైంది. దాని గురించి ఎక్కువ రాయను. మునిగిపోతున్నవాడు చేతులు కొట్టుకుంటాడు, నాకు కొట్టుకోవడానికి చేతులు కూడా లేవు. డాక్టరు నా గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టాడు. దానికి ఒక రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ గాలి పోశాడు. నొక్కితే ఊపిరి, ఆపితే లేదు. ఆయన, కాంపౌండరు, సుగుణ వంతులేసుకున్నారు. కానిస్టేబులు తన దగ్గరున్న తాళంతో బేడీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఊపిరి పోసే మిషను వేలూరు ఆసుపత్రిలో ఉంది. అక్కడికి చేర్చాలి. డాక్టరు తన కారు ఇస్తానన్నాడు, డ్రైవర్లు ఎవరూ రానన్నారు. మైదుకూరు మీదుగా పోయినా, ఎర్రగుంట్ల మీదుగా పోయినా అవతలి పార్టీవాళ్లు బండ్లు ఆపి చూస్తున్నారు. హత్య కేసు ముద్దాయి ఆసుపత్రి వంకతో ఊరు దాటుతున్నాడంటే వాళ్లు గొట్టం నిజమా అబద్ధమా అని పరీక్ష చేస్తూ కూర్చోరు. పోలీసులు తోడు రావాలంటే పైనుంచి చెప్పాలి. ఇవన్నీ చేయగలిగినవాడు పెద్దాయన ఒక్కడే.

ఆయన మనిషి వచ్చి చెప్పాడు. మూడు జీపులు, ముందొక పోలీసు బండి, వేలూరులో మంచం, అన్నీ సిద్ధం. డాక్టరు అల్లుడికి ఆ కాగితం రాసి చేతిలో పెడితే గంటలో బండ్లు గుమ్మంలో ఉంటాయి.

డాక్టరు సంచి కాంపౌండరుకు ఇచ్చి నా ముఖం మీదికి వంగాడు. అప్పటికి నాకు మిగిలినవి కనురెప్పలు. ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లు ఆర్పితే కాదు అని మా ఏర్పాటు. వచ్చినవాడు ఏమన్నాడో మొత్తం చెప్పాడు, దాచలేదు. ఈడ చేతులతో ఎన్ని దినాలు నెట్టుకురాగలనో తెలియదన్నాడు. "రాయల్లనా మాస్టరూ?" అని అడిగాడు.

నేను వెంటనే ఒకసారి ఆర్పాను. ఆయనకు సందేహం ఉండకూడదని కాసేపాగి మళ్లీ ఒకసారి గట్టిగా ఆర్పాను. ఇందులో నాకు సిగ్గు లేదు. ఊపిరాడని మనిషిని న్యాయం అడగకూడదు. నాకు పిల్లలున్నారు, నాకు బతకాలని ఉంది, ఆ అల్లుడు ఇంకో పదిమందిని నరికినా ఆ క్షణంలో నాకు పట్టదు.

"తెలిసిందిలే," అని ఆయన బయటికి పోయాడు. నేను బండ్ల చప్పుడు కోసం చెవి పెట్టాను. చాలాసేపు విన్నాను. గంట గడిచింది, రెండు గడిచాయి. వరండాలో సుగుణ గొంతు వినిపించింది. ఆమె ఏనాడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"మీ నిజం మీ కాడ పెట్టుకోండి సార్. నా మొగున్ని పంపించండి."

ఆయన ఏం జవాబు చెప్పాడో వినిపించలేదు. లోపలికి వచ్చాడు, కాంపౌండరు చేతిలోంచి సంచి తీసుకుని, స్టూలు మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. నా కళ్లలోకి చూడలేదు. ఆ సాయంత్రం నేను ఆయన్ని ద్వేషించినంతగా ఎవరినీ ద్వేషించలేదు. ఆ పిన్నీసు గుచ్చినవాడిని కూడా. ద్వేషిస్తూనే ఆయన చేతిలోంచి వచ్చిన గాలి పీల్చుకున్నాను, ఇంకో దారి లేదు.

ఆ తర్వాతి రోజులు నాకు కలగాపులగంగా గుర్తున్నాయి. చేతులు నొప్పిపుట్టి పడిపోతుంటే ఇతర గదుల్లోని రోగుల మనుషులు వచ్చి సంచి నొక్కారు. ఒక ముసలామె గుర్తుంది. కూతురి కాన్పుకు వచ్చిన మనిషి, అవతలి పార్టీ ఊరామె. మా వాళ్లు చంపిన మనిషి ఆమెకు వరసకు అల్లుడవుతాడు. కాంపౌండరు ఆ మాట చెప్పి, వద్దులే అవ్వా అంటే, "సంపేదుంటే మా మగోల్లు సంపుకుంటార్లే నాయనా, నాకెందుకు," అని తన వంతు పూర్తయ్యేదాకా నొక్కి పోయింది. మరుసటి రోజు కూడా వచ్చింది.

డాక్టరు ఓపీ మూసేశాడు. స్టూలు మీదే తిన్నాడు. ఆయన వేళ్లు వాచి, చేతులు మార్చి మార్చి నొక్కేవాడు. ఒక ఉదయం సంచి నొక్కకముందే నా రొమ్ము దానంతట అది కొంచెం లేచింది. ఆయన చేయి ఆపి చూశాడు. మళ్లీ లేచింది. ఆయన లేచి పోయి పక్క మంచం మీద బోర్లా పడి గురకపెట్టాడు.

ఆగస్టు నుంచి క్రిస్మస్ దాకా

ఎక్కినదంతా అదే దారిన దిగింది, కాని నత్తనడకన. మాట వచ్చిన రోజు నేను మొదట అడిగింది ఎందుకు రాయలేదని. ఆయన నా కాలు వంచుతూ, రాస్తే నీకు పండుకోవడానికి మంచం ఉంటాది, నాకుండదు గదా అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. నేను కూడా మళ్లీ అడగలేదు. బతికినవాడికి కోపం ఎంతసేపు నిలుస్తుంది. ఆయనే గొప్పవాడనిపించింది, సాయంత్రాలు ఆయన కోసం ఎదురుచూశాను. నన్ను పట్టుకుని వరండాలో నడిపిస్తూ, అడుగు తప్పినప్పుడల్లా తిట్టేవాడు. సుగుణ మాత్రం ఆయనకు టీ ఇచ్చేది, మాట్లాడేది కాదు. నేను బతికాను గనుక ఆయన చేసింది ఒప్పయిపోయిందని, పోయింటే ఏమనేవాడివని నన్ను అడిగింది.

క్రిస్మస్‌కు కర్ర పట్టుకుని ఇంటికి వచ్చాను. బెయిలు కూడా వచ్చింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఆరు నెలలు ఏకబిగిన నటించినవాడు జిల్లాలో ఇంకొకడు లేడన్నారు.

మరుసటి యేడు

కేసు నడిచింది. నా తరఫున డాక్టరు వచ్చాడు. నేను మంచం మీద ఏ స్థితిలో ఉన్నానో చెప్పాడు. అంతటితో దిగిపోవాలి. ముందురోజు పెద్దాయన మనుషులు ఆయన్ను కలిసి భయపెట్టి ఉన్నారు, కనుక మనసు మార్చుకుని ఉంటాడని నమ్మి, అల్లుడి ప్లీడరు పక్క మంచం మీద ఎవరున్నారని అడిగాడు.

"మద్యానం పూట నేను పండుకుంటాంటి. తక్కినప్పుడు ఖాళీ," అన్నాడు డాక్టరు. కోర్టులో నవ్వారు. జడ్జి గారూ నవ్వినట్టున్నారు.

నన్ను వదిలేశారు. అల్లుడికి యావజ్జీవం పడింది. కోర్టు మెట్లు డాక్టరే నన్ను పట్టుకుని దింపాడు. ఇంగ కర్ర వదిలెయ్ పరారీ మాస్టరూ, నాటకం అయిపోయింది అన్నాడు.

ఆ నెలలోనే ఒక సాయంత్రం, డాక్టరు ఓపీ ముగించుకుని తాళం వేస్తుంటే పట్టుకున్నారు. చంపలేదు. రెండు చేతులూ గుమ్మం రాతి మీద పెట్టి, నాపరాళ్లు పగలగొట్టే సుత్తితో కొట్టారు. ఎముకలు ఏవి ఎక్కడివో కర్నూలు పెద్దాసుపత్రిలో కూడా తేల్చలేకపోయారని విన్నాను.

మరునాడు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. నడక ఎట్లుందని అడిగాడు, పిల్లల చదువులు అడిగాడు. లేచేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకు పానం పోసినోడని వాని పానం తీయలేదు ప్రకాశం. నీ మొకం చూసి చేతులతో పోనిచ్చినా."

నాకు ఆయన్ని చంపాలనిపించింది. అప్పటికి నా పిడికిలి ఇంకా పూర్తిగా ముడుచుకునేది కాదు. సుగుణ లోపలి నుంచి కాఫీ తెచ్చింది. ఆయన నిలబడే తాగి, గ్లాసు నా చేతికిచ్చి పోయాడు.

రాజీ

డాక్టరు ప్రొద్దుటూరు వదిలి పులివెందులలో చెల్లెలి ఇంటికి చేరాడు. నేను ఎన్నోసార్లు పోయాను. ముద్దనూరులో బస్సు మారి పోయేవాడిని. చెల్లెలు గుమ్మంలోనే, నిద్రపోతాండాడు అనేది. మధ్యాహ్నం పోయినా అదే మాట, పొద్దున పోయినా అదే మాట.

ఇలా ఉండగా ఎన్నికలు వచ్చాయి. పెద్దాయన, అవతలి పార్టీ నాయకుడు ఒకే జెండా కిందికి వచ్చారు. రాజీ అయింది. మా బడి ఆవరణలోనే రెండు పార్టీలకూ భోజనాలు, పొట్టేళ్లు కోశారు. పైకోర్టులో అవతలివాళ్లే అడ్డం రాకపోతే అల్లుడు బయటికి రాకుండా ఎలా ఉంటాడు. అప్పీలులో కేసు కొట్టేసి వాణ్ని వదిలేశారు. నరికినవాడు, నరకబడినవాడి అన్న పక్కపక్కన కూర్చుని తిన్నారు. చచ్చినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు. డాక్టరు పేరు మాత్రం ఎత్తారు. వాడు అంత బిర్రుగా చెప్పకపోతే ఇన్నేళ్లు పగ సాగేదా అని అవతలి నాయకుడే అన్నాడు, పెద్దాయన తల ఊపాడు. ఇద్దరికీ కలిపి మిగిలిన శత్రువు ఆయనొక్కడే. నేను విస్తరి ముందు నుంచి లేచాను. అన్నం పారేశావేమని ఎవరో అడిగారు.

మరుసటి ఆదివారం చర్చి మాని పులివెందుల పోయాను. ఈసారి చెల్లెలు లోపలికి రమ్మంది.

ఆయన కుర్చీలో ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి, వేళ్లు తలా ఒక దిక్కుకు తిరిగి బిగుసుకుపోయాయి. చూడకూడదని పైకి చూశాను. ఆయనే, చూడప్పా, దుడ్లేం ఇయ్యనక్కర్లేదు అన్నాడు. నేను రాజీ సంగతి చెప్పాను. విన్నాడు. ఆశ్చర్యపోలేదు. నేను ఏమేమో అన్నాను, ఆయన వంటి మనిషి ఈ జిల్లాలో లేడన్నాను, నన్ను బతికించిన చేతులన్నాను.

"ఆ మాట ఇంగెవరికీ చెప్పొద్దు మాస్టరూ," అన్నాడు. "నువ్వు బతికేది నాకు తెల్దు. నూటికి తొంబై పాళ్లు సస్తావనుకున్యా. రాసింటే నీకు వేలూరు దొరికిండేది. నువ్వు కండ్లతో అడుక్కుంటివి. నేను నా పంతానికి నీ పానాన్ని పందెం కాసినా. అది గూడా స్నేహమేనా?"

నేను స్నేహమే అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నవ్వాడు.

"గెలిస్తిని గాబట్టి నువ్వు అట్లంటాండావు. మీ ఆడమనిషిని అడుగు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీదో, సుగుణ మీదో, ఆ విస్తరి మీదో తెలియదు. ఆ రోజు రాసింటే చేతులు మిగిలేవి, మళ్లీ అదే దినం వస్తే రాస్తారా అని అడిగాను.

"రాస్తా," అన్నాడు. "ఇంగొక డాక్టరు అడిగినా రాయమనే చెప్తా."

ఇది రాస్తుంటే సుగుణ చదివింది. ఆ ఒక్క మాట తీసేయమంది. తీయలేదు. మంచాన పడినవాళ్లకు, వాళ్లకు వైద్యం చేసేవాళ్లకు, నాకు తెలిసింది ఇదే. నేను ఆ మాట ఒప్పుకోను, కాని అన్నది ఆయన. దాచే హక్కు నాకు లేదు.

ఆ రోజు ఆయన ఆ మాట అన్నాక చెల్లెలు అన్నం పళ్లెం తెచ్చి, పప్పు పోసి కలుపుతూ నిలబడింది. ఆయన నోరు తెరవలేదు. ఆమె చెయ్యి ముద్ద పట్టుకుని అలాగే ఉంది.

"ఇంగ పోతావా మాస్టరూ," అన్నాడు, నా వైపు చూడకుండా. "నేను అన్నం తినల్ల."

నేను లేచాను. కర్ర అవసరం లేదు, లేవగలను. బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేశాను.